గౌను చూసి రాసిన వయసు

నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలి చెల్లెలు మొన్న ఫోన్ చేసింది. నేను చేసి మానేసిన ఉద్యోగంలాంటిదే తనకూ వచ్చిందట. "అక్కా, అనాథ పిల్లల హోముల్లో బరువులు చూసే పని. ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. "త్రాసు సున్నా దగ్గర నిలబడిందో లేదో రోజూ చూసుకో" అన్నాను. అది అబద్ధం కాదు. కానీ నేను చెప్పాల్సింది అది కాదు. చెప్పాల్సింది ఫోనులో చెప్పలేకపోయాను. మా చిన్నబ్బాయిని పడుకోబెట్టి, వాడు మళ్ళీ లేచేలోపు దొరికిన సమయంలో, ఆ అమ్మాయి కోసమూ, ఆమెలా కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను. ముక్కలుగా రాసింది గనుక అతుకులు కనిపిస్తాయి.

నేను హోంసైన్సు చదివాను. పెళ్ళయి, పాప పుట్టి, దానికి రెండేళ్ళు దాటాక గుంటూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. గుంటూరు నుంచి ఒంగోలు పోయే దారిలో నాలుగు హోములు నా వంతు. నెలకోసారి ప్రతి హోముకూ వెళ్ళి, ఆరేళ్ళలోపు పిల్లల్ని తూచి, ఒక్కొక్కరి పటం మీద చుక్క పెట్టాలి. పటం మీద పైన పచ్చ పట్టీ, మధ్యలో పసుపు, అడుగున ఎరుపు. కింద వయసు, పక్కన బరువు. వయసుకు తగ్గ బరువుంటే చుక్క పచ్చలో పడుతుంది. తగ్గేకొద్దీ కిందికి జారుతుంది. ఇంతకంటే సాంకేతికం ఏమీ లేదు. పదో తరగతి పిల్ల కూడా చేయగలదు. అందుకే నేను ధీమాగా చేశాను.

నేను చెప్పబోయే హోము మార్టూరు దాటాక ఉండేది. ఒకప్పటి పత్తి మిల్లు గోదాము. ముందు రోడ్డు మీద గ్రానైటు బండలు మోసే లారీలు పోతుంటే గోడలు సన్నగా వణికేవి. వెనక పొలాల్లో మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి మిరపకాయలు ఎండబోసేవాళ్ళు. ఆ రెండు నెలలూ పిల్లలంతా ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతూనే ఉండేవాళ్ళు. హోము నడిపే ఆయన రిటైరైన హెడ్మాస్టరు. అందరూ మాస్టారు అనేవాళ్ళు. పిల్లలకు వండిపెట్టేది ఆ ఊళ్ళోనే పుట్టిపెరిగిన ఒక ముస్లిం పెద్దావిడ. పిల్లలు ఆమెను అవ్వా అని పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆమె మాత్రం నన్ను ఇష్టంగా ఉన్నప్పుడు "అమ్మాయ్" అనీ, కోపంగా ఉన్నప్పుడు "మేడంగారూ" అనీ పిలిచేది.

ఆ జూన్‌లో పిడుగురాళ్ళ సున్నపు బట్టీల నుంచి ఒక మేస్త్రీ ఒక ఆడపిల్లను తీసుకొచ్చి దించాడు. తల్లి జబ్బు చేసి పోయింది. తండ్రి అంతకుముందే ఎటో వెళ్ళిపోయాడు. ఎన్నేళ్ళని మాస్టారు అడిగితే, "ఏమోనండీ, చిన్నదే" అన్నాడు మేస్త్రీ. పుట్టినతేదీ కాగితం ఎవరి దగ్గరా లేదు. అదేం కొత్త కాదు. ఆ హోములో సగంమంది పిల్లలు అలా వచ్చినవాళ్ళే. మాస్టారు రిజిస్టరు తెరిచి, కలం పట్టుకుని నావైపు చూశారు.

"డాక్టరుగారు ఎప్పటికి వస్తారో తెలీదు. నువ్వు చదువుకున్నదానివి, పైగా పిల్లతల్లివి. చూసి చెప్పమ్మా, ఎంత వేద్దాం?"

అప్పుడు నా సంచిలో మా పాప గౌను ఒకటి ఉంది. మొన్నటి వరకూ వేసుకున్నదే, హోములో ఎవరికైనా పనికొస్తుందని తెచ్చాను. ఆ పిల్లకు తొడిగితే భుజాల దగ్గర కొలిచి కుట్టినట్టు సరిపోయింది. మా పాపకు అప్పుడే మూడేళ్ళు నిండాయి.

"మూడు వేయండి మాస్టారూ," అన్నాను.

ఆయన మూడు అని రాసుకున్నారు. తూచితే పన్నెండున్నర కిలోలు. మూడేళ్ళ పిల్లకు అది పచ్చలోనే పడుతుంది. చుక్క పెట్టి సంతోషపడ్డాను. బట్టీల నుంచి వచ్చిన పిల్ల ఇంత బాగుందంటే తల్లి ఎంత జాగ్రత్తగా చూసుకుందో అని మాస్టారితో అన్నాను కూడా. ఆ హోములో వయసు తెలియని పిల్లలందరికీ అలాగే వేశాం. మా పాప కంటే కొంచెం ఎత్తుంటే మూడున్నర, చెవి దాకా వస్తే రెండున్నర. అప్పుడు నాకు అది తెలివైన పద్ధతిలా తోచింది.

వయసును బట్టి తిండి లెక్క కూడా నేనే రాసిపెట్టాను. నాలుగేళ్ళలోపు వాళ్ళకు పూటకు చిన్న గరిటెతో ఒక గరిటె అన్నం, సగం గుడ్డు. దాటినవాళ్ళకు పెద్ద గరిటె, పూర్తి గుడ్డు. నెలకు ఎన్ని బస్తాల బియ్యం పంపాలో మా సంస్థ ఆ రిజిస్టరు చూసే లెక్కగట్టేది. ఆ కాగితాన్ని వంటింటి గోడకు అన్నం మెతుకులతో అతికించాను. అవ్వకు చదువు రాదు. చదివి వినిపిస్తే తలూపింది.

ఆ పిల్ల చాలా చక్కగా ఉండేది. బక్కచిక్కినట్టు ఉండేది కాదు, చేతులూ కాళ్ళూ అన్నీ పొందికగా చిన్నవి. నేను వెళ్ళగానే వచ్చి నా సంచి పట్టుకునేది. ఒకసారి త్రాసు తగిలిస్తుంటే, "మా అమ్మకి జొరమొస్తే అన్నం నేనే వార్చేదాన్ని" అంది. మూడేళ్ళ పిల్ల అన్నం వార్చడమేమిటని నవ్వుకుని, ఆమె పటం వెనక 'ఊహాశక్తి బాగుంది' అని రాశాను. ఆ కాగితం తర్వాత ఎవరి చేతిలో పడిందో తెలియదు గానీ, ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు.

అవ్వ మొదటి నుంచీ నమ్మలేదు.

"ఏమ్మాయ్, ఆ పిల్లకి మూడేళ్ళంటావా?"

"అవునవ్వా, ఎందుకు?"

"నిన్న తనకంటే పెద్దదానికి జడేసింది. మూడుపాయల జడ, ఒక్క ఎంట్రుక బయటికి రాకుండా. మూడేళ్ళది ఏసుద్దా?"

"కొందరు పిల్లలు చురుగ్గా ఉంటారవ్వా."

"మీ పాప ఏసుద్దా?"

"మా పాపకి బొమ్మ జుట్టు పీకడమే వచ్చు."

"మరి ఇదెట్టా ఏసింది? పైగా పళ్ళెం నాకి నాకి పెట్టుద్ది. కడగాల్సిన పనే లేదు నాకు. కడుపు నిండిన పిల్ల పళ్ళెం నాకుద్దా మేడంగారూ?"

'మేడంగారూ' వచ్చిందంటే కోపం వచ్చిందని అర్థం. నేను పటం తీసి చూపించాను. ప్రతి నెలా చుక్క పచ్చలోనే ఉంది, ఇదిగో చూడండి అన్నాను. చదువు రాని మనిషికి రంగులైనా అర్థమవుతాయి కదా అనుకున్నాను. ఆమె పటాన్ని చూసి, నన్ను చూసి, "సరే, నీ పచ్చ నీది" అని పొయ్యి దగ్గరికి పోయింది.

ఫిబ్రవరిలో ఆ పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. వారం రోజులు తగ్గలేదు. తర్వాత దగ్గు. మిరపఘాటుకు అందరూ దగ్గుతున్నారు గనుక అదీ అందులో కలిసిపోయింది. నేను వెళ్ళి తూచితే పదమూడుకు చేరిన బరువు పన్నెండు కంటే తక్కువకు దిగింది. చుక్క పచ్చ దాటి పసుపు అంచున పడింది. పిల్ల మగతగా అవ్వ ఒళ్ళో ఉంది.

"ఆస్పత్రికి తీసుకుపో," అంది అవ్వ.

"కొంచెమే తగ్గిందవ్వా. జబ్బు చేస్తే ఏ పిల్లయినా తగ్గుతుంది. వచ్చే నెలకు సర్దుకుంటుంది."

"వచ్చే నెలా?"

నేను మిగతా పిల్లల్ని తూచుకుని బస్సెక్కాను. ఇంటికి పోయేసరికి మా పాపకు ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. ఆటో కట్టించుకుని పరుగున డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఏమీ లేదని పంపించేశారు. ఒకే రోజున ఇద్దరు పిల్లల విషయంలో నేను చేసిన ఈ రెండు పనులూ పక్కపక్కనే పెట్టి చూడటానికి నాకు చాలా కాలం పట్టింది.

తర్వాతి సోమవారం మాస్టారు మా ఆఫీసుకు ఫోన్ చేసి నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె కొంగు ముడి విప్పి ఒక చిన్న పన్ను చూపించింది. బియ్యపుగింజంత. పిల్లకు కింది వరసలో ముందుపన్ను ఊడిపోయింది.

నేను హడలిపోయాను. మూడున్నరేళ్ళ పిల్లకు పన్ను ఊడటమంటే ఎముకల్లో ఏదో పెద్ద లోపమే అనుకున్నాను. కాల్షియం, విటమిన్ డి, చదువుకున్నవన్నీ ఒక్కసారి బుర్రలో తిరిగాయి. ఇది గమనించండి. బరువు తగ్గినప్పుడు కదలని దాన్ని, అవ్వ చెప్పినప్పుడు కదలని దాన్ని, పన్ను ఊడిందని కదిలాను. ఎందుకంటే మూడున్నరేళ్ళకు పన్ను ఊడుతుందని నేను చదివిన పుస్తకాల్లో లేదు. అవ్వ కూడా వస్తానంది. పిల్లను ఆమె ఎత్తుకుంది. ఒంగోలు నుంచి వచ్చే బస్సులో గుంటూరు పెద్దాసుపత్రికి బయలుదేరాం. దారి పొడవునా పిల్ల ఊపిరి వేగంగా తీస్తోంది. చిలకలూరిపేట దాటాక అవ్వ పిల్ల పక్కటెముకల మీద చెయ్యి ఆనించి ఏదో ప్రార్థన గొణుక్కుంటూ కూర్చుంది. నేను కిటికీ రాడ్డు పట్టుకుని బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవరును మనసులో తిట్టుకున్నాను.

పిల్లల వార్డులో డాక్టరమ్మ గట్టి మనిషి. ముందు గుండె మీద స్టెతస్కోపు పెట్టింది. "న్యుమోనియా. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అంది. నేను పన్ను సంగతి మొదలుపెట్టాను. ఆమె నావైపు చిత్రంగా చూసింది.

"వయసెంత?"

"మూడు సంవత్సరాల తొమ్మిది నెలలండి."

ఆమె పిల్ల నోరు తెరిపించి, టార్చి వేసి, వేలితో వెనక్కి తడిమింది. మళ్ళీ తడిమింది.

"పాలపళ్ళు ఇరవై ఉంటాయి. ఈ పిల్లకి ఆ వరస వెనకాల కింద రెండు దవడపళ్ళు కొత్తగా వస్తున్నాయి. అవి ఆరో ఏట వస్తాయి. ముందుపన్ను ఊడే వయసూ అదే. పన్నుకి ఏం జబ్బు లేదు. ఈ పిల్లకి మూడని ఎవరు రాశారు?"



"ఈవిడే రాసింది," అంది అవ్వ. దాచాలనో బయటపెట్టాలనో కాదు. అడిగారు గనుక చెప్పింది.

"దేన్ని చూసి రాశావమ్మా?"

"ఒళ్ళు చూసి."

"ఒళ్ళు చూసి," అంది డాక్టరమ్మ. "తిండిలేక ఎదగని పిల్ల ఒళ్ళు చూసి వయసు వేస్తే, ఇక ఆ పిల్ల ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తుంది కదా."

అప్పుడు నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆకలి ఆ పిల్లను బక్కగా చేయలేదు, చిన్నగా చేసింది. నేను ఆ చిన్నతనాన్ని వయసుగా రాశాను. ఆ వయసును బట్టి చిన్న గరిటె పెట్టించాను. ఆరేళ్ళ పిల్ల తొమ్మిది నెలలపాటు మూడేళ్ళ పిల్ల అన్నం తిని, పళ్ళెం నాకి, జబ్బుపడింది. డాక్టరమ్మ పిల్లను చేర్చుకుని సెలైన్ పెట్టించింది. "ఈ వయసుకి ఈ బరువంటే రెండు రోజులు ఏమీ చెప్పలేను" అంది.

అవ్వ ఆస్పత్రిలో ఉండిపోయింది. నేను ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా పాపను ఒళ్ళో వేసుకుని నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టాను. ఇరవై. మా అత్తగారు చూసి, "పుప్పిపన్నేమన్నా ఉందా?" అని అడిగారు. లేదన్నాను.

మర్నాడు పొద్దున్నే హోముకు వెళ్ళాను. ఆరేళ్ళలోపని రాసిన పిల్లలు ఇరవైమంది, ఆ పిల్ల కాక పంతొమ్మిది. అందరినీ అరుగు మీద వరసగా కూర్చోబెట్టి, చేతులు కడుక్కుని, ఒక్కొక్కరి నోట్లో వేలు పెట్టి చూశాను. పిల్లలకు అది ఆటలా ఉంది. ఒకడు కొరికాడు కూడా. పదకొండుమంది పళ్ళు మేం రాసిన వయసుకు సరిపోలేదు. ఊడినవి, కదులుతున్నవి, వెనక కొత్తగా వస్తున్నవి. అన్నీ కాగితం మీద రాసుకుని మాస్టారి ముందు పెట్టాను.

ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అంటే ఇప్పుడు ఈ పదకొండుమందీ ఎరుపులోకి పోతారా?"

"ఎక్కువమంది పోతారు మాస్టారూ."

"వచ్చే బుధవారం జిల్లా నుంచి తనిఖీకి వస్తున్నారు. నీకు తెలుసుగా. ఆరుబయట పొయ్యిలున్నాయన్న చిన్న కారణానికే ఇప్పటికే రెండు హోములు మూసేశారు. మనదీ మూస్తే వీళ్ళని నాలుగూళ్ళకి పంచుతారు. అన్నదమ్ములున్నారు, అక్కచెల్లెళ్ళున్నారు. ఒక్కచోట ఉంచుతారన్న నమ్మకం లేదు. పది రోజులు ఆగుదామమ్మా. తనిఖీ అయ్యాక నిదానంగా మారుద్దాం" అన్నారు.

ఆయన దొంగ కాదు. ఆయన భయం నిజమైనదే. నాకూ ఉద్యోగం పోతుందన్న భయముంది. ఆగుదామనే అనిపించింది, దాచను. పది రోజుల్లో ఏమవుతుంది, గరిటె ఈరోజే మార్పించి కాగితం తర్వాత మార్చవచ్చు కదా అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి చూస్తే అవ్వ బదులు వచ్చిన వంటమనిషి గోడ మీది నా కాగితం చూసి చిన్న గరిటెతో వడ్డిస్తోంది. పెద్ద గరిటె వెయ్యమన్నాను.

"ఇట్టా వేస్తే ఇరవయ్యో తారీకుకే బియ్యం నిండుకుంటాయండి. బస్తాలు రిజిస్టరు చూసేగా ఇచ్చేది," అందామె.

అదీ సంగతి. రిజిస్టరు మార్చకుండా గరిటె మారదు. బియ్యం ఆ పేజీలోంచే రావాలి.

తిరిగి మాస్టారి గదికి వెళ్ళి అదే చెప్పాను. బయట లారీ పోతే అలమారా తలుపు గడగడలాడింది. ఆయన లేచి రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు.

"నేను కొట్టెయ్యలేను. రిజిస్టరులో కొట్టివేతలున్నాయని ఎంతమంది పిల్లల చేతుల మీద బెత్తంతో వేశానో నాకే తెలియదు. నువ్వు కొట్టెయ్యి. కింద సంతకం ఇద్దరం పెడదాం."

పన్నెండు వయసులు కొట్టేశాను. ఒక్కొక్కదాని పక్కనా, ఒళ్ళు చూసి అంచనా వేయడం వల్ల తప్పు జరిగింది, పళ్ళను బట్టి సరిచేశాము అని రాశాను. పన్నెండోసారికి చెయ్యి నొప్పెట్టింది. ఇవీ మళ్ళీ అంచనాలే. పళ్ళు కూడా ఏడాది అటూ ఇటూ చెబుతాయి. కానీ మా పాప గౌను కంటే నయం.

మా ఆఫీసులో మేడం నా రిపోర్టు చదివి, "నువ్వు రాసిన వయసులు తప్పని నువ్వే అంటున్నావు. రేపు నువ్వు రాసేవి ఎందుకు నమ్మాలి?" అన్నారు. మెమో తీసుకున్నాను. మిగతా మూడు హోముల్లో కూడా పళ్ళు చూసి రమ్మన్నారు. అక్కడ కూడా బయటపడ్డాయి.

తనిఖీకి వచ్చిన అధికారి పటాలు తిరగేసి, "పోయిన నెల అంతా పచ్చగా ఉంటే ఈ నెల ఇలా ఉందేమిటి? పిల్లలకి ఏం చేశారు?" అని గద్దించాడు. నేను లేవబోయేలోపు మాస్టారు లేచారు.

"పిల్లలు పోయిన నెలా ఇట్లాగే ఉన్నారండి. మేం రాసింది తప్పు," అన్నారు.

హోము మూయలేదు. ఏడాదిపాటు నెలనెలా వచ్చి చూస్తామన్నారు. ఘాటుగా ఒక ఉత్తరం రాశారు. మాస్టారు దాన్ని చాలా రోజులు బల్ల సొరుగులో పెట్టుకున్నారు. బియ్యం మాత్రం తర్వాతి నెల నుంచి పెరిగాయి.

ఆ పిల్ల బతికింది. ఆ రెండు రోజుల గురించి నేను రాయలేను. ఆస్పత్రి నుంచి అవ్వ ఎత్తుకుని తీసుకొచ్చినప్పుడు కొబ్బరిచిప్పంత ముఖంలో కళ్ళు తప్ప ఏమీ లేవు. పెద్ద గరిటె అన్నం ముందు పెడితే సగం కూడా తినలేకపోయింది. మిగిలింది పక్కనున్న చిన్నవాడి పళ్ళెంలోకి నెట్టేది. అవ్వ ఒక పీట వేసుకుని ఎదురుగా కూర్చుని, "నీ అన్నం నువ్వే తిను, నాకేం తొందర లేదు" అంటూ రోజూ అలా కూర్చునేది. కొంచెం కొంచెంగా, పూటకు ఐదారుసార్లు పెట్టేది. నేను ఏ కాగితమూ రాసివ్వలేదు.

మూడు నెలల తర్వాత తూచితే పద్నాలుగున్నర. హోముకు వచ్చిన రోజు కంటే రెండు కిలోలు ఎక్కువ. నేను కొత్త పటం తీసి చుక్క పెట్టాను. అది ఎరుపులోనే పడింది. మాస్టారు వంగి చూసి, "పెరిగింది కదమ్మా, ఇంకా ఎరుపేనా?" అని అడిగారు. ఆరు దాటిన పిల్లకు అది ఎరుపేనని చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

పిల్ల నా భుజం మీదుగా తొంగిచూస్తోంది. కింది వరసలో ముందు రెండు కొత్తపళ్ళు సగం వచ్చి ఉన్నాయి.

"అది నేనేనా?" అంది, చుక్క మీద వేలు పెట్టి.

"అవును."

"పైన పచ్చది ఎవరిది?"

"అక్కడికి నువ్వు వెళ్ళాలి."

"ఎప్పుడు?"

ఏడాది కిందటైతే వచ్చే నెలకి అనేదాన్ని. ఎంత పెట్టినా పోయిన ఎత్తు అంతా తిరిగి రాదని అప్పటికి నాకు తెలుసు. ఎంత వస్తుందో, అసలు వస్తుందో రాదో మాత్రం తెలియదు.

"తెలీదమ్మా," అన్నాను. "ప్రతి నెలా వచ్చి చూస్తాను."

సరేనన్నట్టు తలూపి, అవ్వ పిలుస్తుంటే అన్నానికి వెళ్ళిపోయింది.